గట్టును వెనక్కి జరిపిన దేశం

1995 జనవరి ఆఖరు వారంలో నెదర్లాండ్స్‌లో రైన్ నది పాయలు పొంగాయి. పాయల మధ్య ఉన్న ఊళ్ల నుంచి దాదాపు 2.5 లక్షల మందిని పశువులతో సహా ఖాళీ చేయించారు. రోజుల తరబడి నానిన గట్లు ఊటెత్తాయి. ఓక్టన్ అనే ఊరి దగ్గరైతే గట్టు జారడమే మొదలైంది. ఇంత జరిగినా పెద్ద గట్టు ఏదీ తెగలేదు. కొద్ది రోజులకే జనం ఇళ్లకు తిరిగొచ్చారు.

గట్టు నిలిచింది కదా, ఇంకో అడుగు ఎత్తు పెంచితే చాలని అనుకోవడం ఏ దేశంలోనైనా సహజం. డచ్చివాళ్లు కూడా ముందు అదే చేశారు. అత్యవసర చట్టం ఒకటి తెచ్చి, అనుమతుల తతంగాన్ని కుదించి, బలహీనంగా ఉన్న గట్లన్నీ గబగబా పటిష్టం చేశారు. పదేళ్ల తర్వాత మాత్రం ఎవరూ ఊహించని దారి పట్టారు. కొన్నిచోట్ల గట్టును వెనక్కి జరిపారు, కొన్నిచోట్ల తగ్గించారు, ఒక చోట పొలాలను మళ్లీ నదికి వదిలేశారు. దాదాపు 230 కోట్ల యూరోలు ఖర్చు పెట్టి, 30కి పైగా ప్రదేశాల్లో సాగిన ఈ పథకానికి ‘నదికి చోటు’ అని పేరు పెట్టారు.

ఈ పథకం గురించి ప్రపంచమంతా చెప్పుకునే మాట ఒకటుంది: ‘నదితో పోరాడొద్దు, దానికి చోటివ్వండి’. వినడానికి బాగుంటుంది. కానీ నదికి చోటివ్వాలన్న ఆలోచన డచ్చివాళ్లు కనిపెట్టిందేమీ కాదు. ఏటి ఒడ్డున పుట్టిన రైతెవరైనా ఆ మాటే అంటాడు. వాళ్లు సాధించింది వేరే. చోటు ఎవరివ్వాలి, ఎంతివ్వాలి, ఇచ్చినవాళ్లకు ఏం దక్కాలి అన్న మూడు ప్రశ్నలకూ ఒకే పథకంలో జవాబు చెప్పగలిగారు. అందులో ల్యాండ్‌స్కేప్ డిజైన్‌కి, అంటే నేల, నీరు, చెట్టు, కట్టడం కలిపి ఒక చోటు రూపు తీర్చే పనికి దక్కిన స్థానం, బయటినుంచి చూసేవాళ్లు అనుకునేదానికంటే చాలా పెద్దది.

నీళ్లు తక్కువే, ముప్పు ఎక్కువ

ముందు అంకెలు చూద్దాం. రైన్ నది జర్మనీ నుంచి నెదర్లాండ్స్‌లోకి లోబిట్ దగ్గర ప్రవేశిస్తుంది. 1995లో అక్కడ ప్రవాహం సెకనుకు దాదాపు 12,000 ఘనపు మీటర్లు. మన లెక్కలో 4.2 లక్షల క్యూసెక్కులు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు. మన నదుల ముందు రైన్ వరద చిన్నదే.

ముప్పు మాత్రం చిన్నది కాదు. దానికి కారణం నీళ్లకంటే నేల. డచ్చివాళ్లు మధ్యయుగాల నుంచీ నదికి ఇరువైపులా గట్లు కడుతూ వచ్చారు. గట్టు కట్టాక, వరద మోసుకొచ్చే ఒండ్రు గట్ల మధ్యే పడుతుంది. మన గోదావరి లంకల్లా గట్ల లోపలి నేల ఏటికేడాది మెరక అవుతుంది. గట్టు అవతలి పొలాలకు ఒండ్రు అందదు. పైగా సాగు కోసం నీళ్లు తోడేయడంతో అక్కడి మెత్తటి నేల కుంగుతూ పోతుంది. కొన్ని శతాబ్దాలు గడిచేసరికి నది ఎత్తులో, ఊరు పల్లంలో మిగిలాయి. ఇక గట్టు పెంచిన ప్రతిసారీ వరద వచ్చే అవకాశం తగ్గుతుంది, కానీ గట్టు తెగిన రోజున ఊరి మీద పడే నీటి లోతు పెరుగుతుంది. జనమేమో గట్టును నమ్ముకుని దాని కిందే ఇళ్లు, ఫ్యాక్టరీలు కట్టుకుంటారు. దాంతో పోగొట్టుకోవలసింది కూడా పెరుగుతుంది. ఇది ఆగే ఆట కాదు.

2001లో ప్రభుత్వం ఇంకో లెక్క బయటపెట్టింది. రైన్ గట్లు తట్టుకోవలసింది ఏడాదికి 1,250లో ఒక వంతు అవకాశం ఉన్న వరదను. అప్పటిదాకా ఆ వరద సెకనుకు 15,000 ఘనపు మీటర్లని అనుకున్నారు. 1993, 1995 వరదలను లెక్కలోకి తీసుకున్నాక అది 16,000కి, అంటే దాదాపు 5.65 లక్షల క్యూసెక్కులకు పెరిగింది. ఈ అదనపు వెయ్యి ఘనపు మీటర్లే మొత్తం పథకానికి మూలం. ఆ నీళ్లు పట్టాలంటే గట్టయినా పెంచాలి, లేదంటే గట్ల మధ్య చోటైనా పెంచాలి.

డిజైన్ ఎలా లోపలికొచ్చింది

1970ల్లో రైన్ పాయల్లో ఒకటైన వాల్ ఒడ్డున ఉన్న బ్రాకెల్ అనే ఊళ్లో గట్టు పటిష్టం చేయడం కోసం పాత ఇళ్ల వరసను కూల్చేశారు. పాత గట్లంటే అక్కడ ఉత్త మట్టి కట్టలు కావు. వంకరలు తిరుగుతూ, పక్కనే చెట్లు, వాలు మీద ఇళ్లు, పూర్వం గండ్లు పడిన చోట మిగిలిన మడుగులతో ఒక్కో గట్టుకు ఒక చరిత్ర ఉంటుంది. ఇంజనీర్లు వాటిని సరళరేఖలుగా, ఒకే వాలుతో తిరగరాయడం మొదలుపెట్టేసరికి జనం తిరగబడ్డారు. 1977లో ఒక కమిషన్, 1993లో ఇంకో కమిషన్ నివేదికలిచ్చాయి. రెండూ చెప్పింది దాదాపు ఒకటే: భద్రత తప్పదు, కానీ ప్రకృతి, పాత కట్టడాలు, ఊరి రూపు పోకుండా పని చేయండి.

ఇదంతా సాగుతుండగానే ఇంకో వైపు నుంచి ఒక ఆలోచన వచ్చింది. 1986లో ఒక ప్రాంతీయ డిజైన్ పోటీలో ‘కొంగ ప్లాన్’ బహుమతి గెలిచింది. దాన్ని గీసినవాళ్లలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు, నదీ ఇంజనీరు, జీవావరణ నిపుణులు ఉన్నారు. వ్యవసాయాన్ని గట్టు అవతల ఉంచి, గట్ల మధ్య నేలను నదికీ అడవికీ వదిలేయాలని, పాత పాయలను మళ్లీ తవ్వాలని అందులో ప్రతిపాదించారు. నల్ల కొంగ తిరిగి వచ్చే నది కావాలన్నది వాళ్ల కోరిక. ఆ బృందంలోని డిర్క్ సైమన్స్ పేరు 20 ఏళ్ల తర్వాత ‘నదికి చోటు’లో మళ్లీ వినిపిస్తుంది.

1995 వరద రాగానే, పర్యావరణవాదులు అడ్డుపడబట్టే గట్లు ఆలస్యమయ్యాయని నిందలు మొదలయ్యాయి. అందుకే ఆ అత్యవసర చట్టం. దాన్ని బట్టి అందం, భద్రత ఒకదానికొకటి శత్రువులని తేల్చేసి ఉండొచ్చు. అలా జరగలేదు. జనం ఒప్పుకోని గట్టు ఏళ్లకేళ్లు కోర్టుల్లో, కమిషన్లలో నలుగుతుందని, అలా నలిగిన గట్టు భద్రమైన గట్టు కాదని అప్పటికి అనుభవం మీద తెలిసింది. 2006లో పార్లమెంటు ఆమోదించిన పథకంలో రెండు లక్ష్యాలు పక్కపక్కనే రాశారు. మొదటిది, 16,000 ఘనపు మీటర్ల వరదకు తట్టుకోవడం. రెండోది, నదీ ప్రాంతం నాణ్యతను పెంచడం. రెండోదాన్ని అలంకారంగా, చివర్లో మొక్కలు నాటే పనిగా పెట్టలేదు. దానికి విడిగా ఒక నిపుణుల బృందాన్ని నియమించారు. సైమన్స్ దానికి మొదటి అధ్యక్షుడు. ల్యాండ్‌స్కేప్, నదీ ఇంజనీరింగ్, జీవావరణం, పట్టణ ప్రణాళిక తెలిసినవాళ్లు ఒక్కో పనినీ మొదటి గీత దశ నుంచే, ఒకసారి కాదు పలుమార్లు వెళ్లి చూసేవాళ్లు. వాళ్ల సలహాకు చట్టబద్ధమైన పట్టేమీ లేదు. కానీ పట్టించుకోకపోతే ఆ సంగతి మంత్రి దాకా వెళ్తుంది. అలాంటి బలం ఆదేశం కంటే బాగా పనిచేస్తుందని చాలామంది అధికారులకు తెలుసు, పైకి ఒప్పుకోరు.

సెంటీమీటర్లు కేంద్రానివి, దారి మీది

నది ఒక చోట ఇరుకైతే ఆ ఇరుకు దగ్గరే కాదు, దానికి ఎగువన చాలా దూరం నీటిమట్టం పెరుగుతుంది. మన వైపు ఎగదన్నడం అంటారే, అదే. విజయవాడ దగ్గర బుడమేరు మళ్లింపు కాలువ కృష్ణలో కలిసే చోట, కృష్ణ నిండుగా ఉంటే కాలువ నీళ్లు వెనక్కి నిలబడేది కూడా ఇలాగే. ఇది తిరగేసినా నిజమే. ఇరుకును వెడల్పు చేస్తే లాభం ఆ ఊరితో ఆగదు, ఎగువ ఊళ్లన్నిటికీ అందుతుంది. అంటే ఒక ఊరు తన భూమి ఇస్తే పై ఊరి గట్టు భద్రమవుతుంది. ఇచ్చేవాడొకడు, పొందేవాడొకడు. నదీ పాలనలో అసలు చిక్కంతా ఇక్కడే.

ఈ చిక్కును విప్పడానికి వాళ్లు ఒక కొలత పట్టుకున్నారు. పెద్ద వరద వచ్చినప్పుడు నదిలో ఏ కిలోమీటరు దగ్గర నీటిమట్టం ఎన్ని సెంటీమీటర్లు తగ్గాలో లెక్క కట్టారు. తర్వాత ఒక కంప్యూటర్ మోడల్ తయారుచేశారు. గట్టు వెనక్కి జరపడం, గట్ల మధ్య నేలను తవ్వి దించడం, పక్క పాయ తవ్వడం, నదిలోకి పొడుచుకొచ్చిన స్పర్లను పొట్టి చేయడం, వంతెన కింద అడ్డుపడే మట్టికట్టను తీసేయడం లాంటి పనులు దాదాపు 700 అందులో పెట్టారు. మౌస్ నొక్కి ఏ పని ఎంచుకున్నా, నది పొడవునా నీటిమట్టం ఎంత దిగుతుందో, ఎంత ఖర్చవుతుందో వెంటనే తెర మీద కనిపిస్తుంది. ఇంజనీర్ల కోసమే కాదు, మేయర్లు, జిల్లా నాయకులు కూర్చుని వాడటానికి వీలుగా చేశారు. ‘మా ఊళ్లో వద్దు’ అన్న నాయకుడికి, అయితే ఈ 20 సెంటీమీటర్లు ఇంకెక్కడ తీసుకురావాలో మీరే చూపించండి అని మౌస్ చేతికిచ్చేవాళ్లు. పోట్లాటలు ఆగిపోలేదు. కాకపోతే అందరూ ఒకే లెక్క మీద పోట్లాడారు.

పథకం మొత్తంలో నాకు ముఖ్యమనిపించేది ఈ ఒక్క నియమం. ఎన్ని సెంటీమీటర్లు అన్నది కేంద్రం తేలుస్తుంది, అందులో బేరం లేదు. ఎలా తగ్గించాలన్నది స్థానికులు మార్చుకోవచ్చు. రాష్ట్రం లాంటి ప్రావిన్సు గానీ మున్సిపాలిటీ గానీ వేరే ప్లాన్ తెస్తే, అది అంతే నీటిమట్టాన్ని దించుతుందని, బడ్జెట్‌లో ఇమిడిపోతుందని రుజువు చేస్తే కేంద్రం తన ప్లాన్‌ను పక్కన పెట్టి దాన్ని తీసుకుంటుంది. మన దగ్గర తరచుగా జరిగేది దీనికి తలకిందులు. ఏం కట్టాలో పైనుంచి వస్తుంది. అది ఎంత నీటిని ఆపుతుందన్న లెక్క మాత్రం బేరాల్లో కరిగిపోతుంది.

ఇంకో ఆధారం కూడా వాళ్లకు ఉంది. నీటి బోర్డులు 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. ఇప్పుడు 21 బోర్డులు. వాటికి సొంత ఎన్నికలు, సొంత పన్ను ఉంటాయి. గట్టు బాగోగులు వాటి పని. పెద్ద నదుల ప్రధాన కాలువను 1798లో పుట్టిన జాతీయ జలశాఖ రైక్స్‌వాటర్‌స్టాట్ చూస్తుంది. మున్సిపాలిటీ భూవినియోగం చూస్తుంది. ఇన్ని చేతులున్నప్పుడు పని నడవకూడదు, నిజానికి. నడిచిందంటే కారణం, ఒక్కో పనిని ఆ ప్రాంతంలో ఎక్కువ పట్టున్న సంస్థకు అప్పగించడం. ఒకచోట మున్సిపాలిటీ, ఒకచోట ప్రావిన్సు, ఇంకోచోట నీటి బోర్డు ముందుండి నడిపాయి. డబ్బు, సెంటీమీటర్ల లెక్క మాత్రం ఒకే కార్యాలయం చేతిలో ఉంచారు.

నైమేగన్

లోబిట్ దాటాక రైన్ పానెర్డెన్ దగ్గర చీలుతుంది. మూడింట రెండు వంతుల నీళ్లు వాల్ పాయలోకి వెళ్తాయి. ఆ పాయ నైమేగన్ నగరం ముందు మలుపు తిరిగి, అక్కడే ఇరుకవుతుంది. ఒక పక్క ఎత్తైన పాత నగరం, ఇంకో పక్క లెంట్ అనే ఊరు. నగరం జరగదు కాబట్టి ఊరి గట్టే జరగాలి. 350 మీటర్లు వెనక్కి జరపాలని తేల్చారు. ఆ దారిలో దాదాపు 50 ఇళ్లున్నాయి. పైగా నైమేగన్ తన కొత్త కాలనీలను లెంట్ వైపే కట్టడం మొదలుపెట్టింది. గొడవ చిన్నది కాదు. ఇళ్లు పోతాయన్నవాళ్లు, ఊరు రెండు ముక్కలవుతుందన్నవాళ్లు, గట్టు పెంచితే పోయేదానికి ఇదంతా ఎందుకన్నవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు.

చివరికి మున్సిపాలిటీ ఎదురించడం మాని, పనిని తనే చేతిలోకి తీసుకుంది. గట్టు ఎలాగూ జరుగుతుంది, అయితే మాకో కొత్త నదీతీరం కావాలని బేరం పెట్టింది. పాత గట్టుకు, కొత్త గట్టుకు మధ్య మూడు కిలోమీటర్లకు పైగా పొడవున పక్క పాయ తవ్వారు. రెండు పాయల మధ్య పాత ఊరి ముక్క ఒక లంకగా మిగిలింది. పాయ మీద కొత్త వంతెనలు కట్టారు. నీటిలోకి దిగే మెట్లు, ఇసుక ఒడ్డు, పడవ పందేలకు చోటు వచ్చాయి. పెద్ద వరదలో నీటిమట్టం దాదాపు 35 సెంటీమీటర్లు దిగుతుంది. ఖర్చు 35 కోట్ల యూరోల పైమాటే. ఎండాకాలం సాయంత్రాల్లో అక్కడికి ఈతకు వచ్చేవాళ్లలో చాలామందికి అది వరద కాలువ అన్న సంగతే గుర్తుండదు.

అక్కడున్న నడక వంతెన ఒకటి చూడాలి. జాలిగె అనే ఆ వంతెన దారి కావాలనే మునిగేలా కట్టారు. నది పొంగితే వంతెన చివరలు నీటిలో మాయమవుతాయి. అప్పుడు పక్కనే వేసిన రాతి దిమ్మెల మీద అడుగులేసుకుంటూ వెళ్లాలి. ఇంకా పెరిగితే అవీ మునుగుతాయి. 2018 జనవరిలో నీళ్లు పెరిగినప్పుడు జనం గుంపులుగా వచ్చి ఆ దిమ్మెల మీద నడిచారు. వరదను గోడ వెనక దాచకుండా, ఎంత వచ్చిందో కళ్లకు కనిపించేలా చేశారు. గట్టును నమ్మి వరదను మరిచిపోవడమే పెద్ద ముప్పు అయినప్పుడు, ఈ వంతెన కూడా భద్రతా ఏర్పాటే. ల్యాండ్‌స్కేప్ డిజైన్ అంటే పార్కు, ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్ అనుకునే చోట ఈ తేడా చెప్పడం కష్టం.

దిబ్బలెక్కిన రైతులు

నైమేగన్ అందరికీ చూపించే ఉదాహరణ. అంతకంటే నేర్చుకోదగ్గది దక్షిణాన మ్యూజ్ నది మీద ఉన్న ఓవర్‌డీప్ లంక. సుమారు 550 హెక్టార్లు, అంటే 1,350 ఎకరాల పాడి పొలాలు. 17 రైతు కుటుంబాలు. ఈ చోటును వరదకు వదలాల్సి వస్తుందని తెలిసినప్పుడు వాళ్లు ధర్నాకు దిగలేదు, వేచి కూర్చోనూ లేదు. వాళ్లే ఒక ప్లాన్ గీసుకొచ్చారు. నది వైపు గట్టు తగ్గించండి, నీళ్లు రానివ్వండి. వెనక గట్టును ఆనుకుని ఎత్తైన మట్టి దిబ్బలు పోయండి. ఇళ్లు, పశువుల కొట్టాలు దిబ్బల మీద పెట్టుకుంటాం, పొలాలు కింద ఉంటాయి. సుమారు పాతికేళ్లకోసారి మునుగుతాయి, మునిగితే పరిహారం ఇవ్వండి అన్నారు. ఉత్తర నెదర్లాండ్స్‌లో సముద్రపు గట్లు లేని కాలంలో జనం ఇలాంటి దిబ్బల మీదే బతికారు, అంటే ఆలోచన పాతదే.

ప్రావిన్సు ఆ ప్లాన్‌ను తన భుజాన వేసుకుంది. ఆరు మీటర్ల ఎత్తు దిబ్బలు ఎనిమిది లేచాయి. అంటే సగం కంటే ఎక్కువ కుటుంబాలకు అక్కడ చోటు లేదు. వాళ్లు పరిహారం తీసుకుని వేరేచోటికి వెళ్లారు, లేదా వ్యవసాయం మానుకున్నారు. విజయగాథలు చెప్పేటప్పుడు ఈ వాక్యం తరచుగా తప్పిపోతుంది. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్నది ఇరుగుపొరుగు మధ్యే తేలాల్సి వచ్చింది. దశాబ్దం పైగా సాగిన ఈ వ్యవహారంలో ఎవరూ కొత్త షెడ్డు వేసుకోలేరు, పొలం అమ్ముకోలేరు. ఆ టెన్షన్ ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు. అయినా ప్లాన్ వాళ్లదే కావడం వల్ల పని ముందుకు సాగింది. నీటిమట్టం 27 సెంటీమీటర్లు దిగింది.

దీనికి పూర్తి భిన్నంగా నడిచింది రైన్ మరో పాయ ఐసెల్ పక్కన వీసెన్, వాపెన్‌వెల్డ్ ఊళ్ల మధ్య పని. అక్కడ ఎనిమిది కిలోమీటర్ల పొడవున రెండు కొత్త గట్లు కట్టి, పెద్ద వరదలో మాత్రమే తెరిచే కాలువ చేశారు. మనిషి జీవితంలో ఒకసారి వాడతారేమో. మామూలు రోజుల్లో లోపల పొలాలే. 71 సెంటీమీటర్లు దించే ఈ పని పథకం మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చేవాటిలో ఒకటి. కానీ ఊరివాళ్లకు ఇందులో ఒరిగిందేమీ లేదు. కొత్త ఒడ్డు లేదు, పాయ లేదు, పల్లె మధ్యలో రెండు గట్లు మాత్రం లేచాయి. గట్టు పెంచితే సరిపోయేదని వాళ్లు చివరిదాకా వాదించారు. వాళ్ల వాదన అర్థంలేనిదని అనలేం. నీటి లెక్కలో ఇది నైమేగన్ కంటే గొప్ప పని, ఒప్పందం లెక్కలో మాత్రం బలహీనమైనది.

నోర్డ్‌వార్డ్ గురించి క్లుప్తంగా: దాదాపు 4,450 హెక్టార్ల లంకను తెరిచి నదికి వదిలారు. అక్కడ ఒక పాత కోటను కాపాడే గట్టు ముందు విల్లో చెట్ల తోపు పెంచారు. చెట్లు అలల జోరు తగ్గిస్తాయి కాబట్టి గట్టు ఎత్తు కొంత తగ్గించగలిగారు. కోటలో ఉన్నవాళ్లకు ఇంటి ముందు గోడ వద్దు, ఇంజనీర్లకు అలలు వద్దు. ఇద్దరికీ కుదిరింది.

చెట్టు కూడా అడ్డమే

గట్ల మధ్య నేలను నదికి వదిలేస్తే అక్కడ అడవి మొలుస్తుంది. పొదలు, విల్లోలు దట్టంగా పెరిగితే వరద నీరు నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే మట్టం పెరుగుతుంది. అంటే తవ్వి తెచ్చుకున్న సెంటీమీటర్లను చెట్లు మెల్లగా వెనక్కి తీసుకుంటాయి. ఈ సంగతి తెలిశాక రైక్స్‌వాటర్‌స్టాట్ గట్ల మధ్య ఎక్కడ గడ్డి ఉండాలి, ఎక్కడ పొద ఉండొచ్చు, ఎక్కడ అడవికి అనుమతి అన్నది మ్యాపుల మీద గీసి, ఒక రిజిస్టరు పెట్టింది. నేల ఎవరిదైతే వాళ్లు అది దాటకుండా చూసుకోవాలి. కొంగ ప్లాన్ కలగన్న అడవికి హద్దులు పడ్డాయి. పర్యావరణవాదులకు ఇది నచ్చలేదు. కానీ పొదలు కోసే ఖర్చు ఎవరు భరిస్తారో ముందే రాసుకోకపోతే, రిబ్బను కత్తిరించిన ఇరవయ్యేళ్లకు ఆ పని సగం పనికి రాకుండా పోతుంది. మన డ్రెయిన్లలో గుర్రపుడెక్క, తూడు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అదే కాలంలో మ్యూజ్ నది మీద సాగిన ఇంకో పథకం డబ్బు విషయంలో భిన్నం. బెల్జియం సరిహద్దు వెంట నదిని వెడల్పు చేసే ఖర్చును అక్కడ తవ్విన కంకర అమ్మి రాబట్టారు. కంకర కంపెనీలు, ప్రకృతి పరిరక్షణ సంస్థ ఒకే కన్సార్షియంలో, అంటే ఉమ్మడి సంస్థలో కూర్చున్నాయి. ఎంత లోతు, ఎక్కడ, ఎప్పటిదాకా అన్నది నది అవసరం తేల్చింది, మార్కెట్ కాదు. ఇసుక రీచ్‌ల దగ్గర మనకు రోజూ కనిపించేది దీనికి ఎంత దూరమో చెప్పనక్కర్లేదు.

2021 జులై వరదలతో ఈ ప్రాంతానికి పరీక్ష వచ్చింది. జర్మనీలో 180 మందికి పైగా, బెల్జియంలో దాదాపు 40 మంది చనిపోయారు. నెదర్లాండ్స్‌లో ఒక్కరూ చనిపోలేదు. వెడల్పు చేసిన మ్యూజ్ వేసవిలో ఎన్నడూ చూడనంత ప్రవాహాన్ని మోసింది. అయితే మ్యూజ్‌లో కలిసే గెల్ అనే చిన్న వాగు మాత్రం వాల్కెన్‌బర్గ్ పట్టణాన్ని ముంచేసింది. పథకాలన్నీ పెద్ద నది మీదే, వాగు మీద ఎవరి చూపూ అంతగా లేదు. 2024లో విజయవాడలోనూ కృష్ణలంక రిటైనింగ్ వాల్ తన పని తను చేసింది, నగరం ఉత్తరాన్ని ముంచింది బుడమేరు.

మన వైపు ప్రయాణం

2018 వరదల తర్వాత 2019లో కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ నోర్డ్‌వార్డ్ వెళ్లి చూశారు. కేరళలోని పల్లపు ప్రాంతం కుట్టనాడుకు ‘నదికి చోటు’ పేరుతోనే పథకం ప్రకటించారు. అమరావతి వరద ప్రణాళికకు కూడా డచ్ సంస్థ ఆర్కాడిస్ సలహాదారుగా పనిచేసింది. నమూనాలు ఇలా ప్రయాణం చేస్తాయి, కానీ సాధారణంగా తవ్వకం ప్రయాణం చేస్తుంది, ఒప్పందం చేయదు. పూడిక తీయడం, కాలువ వెడల్పు చేయడం టెండరు పిలవగలిగిన పనులు. ఇంత మట్టం దించితే తప్ప బిల్లు రాదన్న నియమం, ఊరు తెచ్చిన ప్లాన్ ప్రభుత్వ ప్లాన్‌ను పక్కకు నెట్టగలదన్న నియమం టెండరులో పట్టవు.

అంకెలు కూడా యథాతథంగా పనికిరావు. రైన్ వరద మెల్లగా వస్తుంది, జర్మనీ నుంచి రోజుల ముందే కబురు అందుతుంది. గోదావరిలో అదే పథకం పెట్టాలంటే ఆరు రెట్ల నీటికి చోటు వెతకాలి, అదీ లంకల్లో వేల కుటుంబాలు సాగు చేసుకుంటున్న చోట. పోలికకు నిజంగా పనికొచ్చేవి పెద్ద నదుల కంటే బుడమేరు, కొండవీటి వాగు, మూసీ లాంటివి. ఇరుకులు ఎక్కడున్నాయో అక్కడ అందరికీ తెలుసు. ఏ ఇరుకు తీస్తే ఎగువన ఏ కాలనీలో ఎన్ని అంగుళాలు దిగుతుందో లెక్క కట్టి, కాలనీవాళ్ల ముందు పెట్టడం కోట్ల ప్రాజెక్టు కాదు. అది లేకుండా ‘ఆక్రమణ తొలగింపు’ అన్న మాట వింటే, ఇల్లు పోయేవాడికి కనిపించేది బుల్డోజరు ఒక్కటే. తన ఇల్లు పోవడం వల్ల ఎవరి ఇల్లు నిలుస్తుందో అతనికి ఎవరూ చెప్పరు, అతనికి బదులుగా ఏం దక్కుతుందో అసలే చెప్పరు.

నది అడుగు దిగుతోంది

నెదర్లాండ్స్‌లోనూ కథ ముగియలేదు. ‘నదికి చోటు’ పనులు ముగిశాక సమగ్ర నదీ నిర్వహణ పేరుతో కొత్త కార్యక్రమం మొదలుపెట్టారు. తర్వాత దానికే పాత పేరు తగిలించి రెండో విడత అన్నారు. ఈసారి లెక్క 2100 నాటికి 18,000 ఘనపు మీటర్ల దాకా. కానీ ఈసారి వరద ఒక్కటే సమస్య కాదు. 19వ శతాబ్దంలో నదిని సూటిగా చేసి, రెండు పక్కలా స్పర్లు కట్టారు. ఎగువన ఆనకట్టలు ఇసుకను పట్టేసుకున్నాయి. దాంతో నది తన అడుగునే కోసుకుంటోంది. కొన్నిచోట్ల ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు. వందేళ్లలో మీటరు పైనే.

అడుగు దిగితే వరదకు చోటు పెరిగింది కదా అనిపిస్తుంది. కానీ నదితో పాటు భూగర్భ జలం దిగిపోతుంది. పక్క పాయలు, గట్ల మధ్య తడి నేలలు ఎండుతాయి. పానెర్డెన్ దగ్గర ఏ పాయకు ఎన్ని నీళ్లన్న వాటా మారుతుంది. 2018, 2022 కరువుల్లో లోబిట్ దగ్గర నీటిమట్టం ఎన్నడూ లేనంత కిందికి పడిపోయి, రోటర్‌డ్యామ్ నుంచి జర్మనీ వెళ్లే సరుకు పడవలు సగం బరువుతోనే నడిచాయి.

ఆ పడవలకు పెద్ద అడ్డంకి నైమేగన్‌లోనే ఉంది. మలుపు కోసుకుపోకుండా 1980ల్లో నది అడుగున రాళ్లు పరిచారు. చుట్టూ ఇసుక దిగిపోయింది, రాళ్లు అక్కడే ఉన్నాయి. నీళ్లు తక్కువైనప్పుడు పడవ ఎంత బరువు ఎత్తుకోవాలో ఆ రాళ్లే తేలుస్తున్నాయి. వాటిని తీస్తే మలుపు కోసుకుపోతుంది. దిగువన ఇసుక పోసి నది అడుగు పైకి తెస్తే వరద మట్టం కొంత పెరుగుతుంది, అంటే సంపాదించుకున్న సెంటీమీటర్లలో కొన్ని తిరిగి ఇచ్చేయాలి. ఇంకో పక్క పాయ తవ్వి ఆ లోటు పూడ్చుదామంటే, వరదలో ప్రధాన కాలువ జోరు తగ్గి పడవ దారిలోనే ఇసుక మేట వేస్తుంది. నౌకా రవాణావాళ్లు, నీటి బోర్డులు, ప్రకృతి సంస్థలు, జర్మన్ రేవులు ఇప్పుడు ఈ లెక్క ముందు కూర్చున్నాయి. ఈసారి సెంటీమీటర్లు పైనుంచే కాదు, కింది నుంచి కూడా పంచుకోవాలి.